మెగ్గర్ రీడింగ్ తీయడం తేలిక, దాన్ని చదవడమే కష్టం

మెగ్గర్ అంటే ఇన్సులేషన్ రెసిస్టెన్స్‌ని, అంటే వైరు మీది పూత కరెంటుని బయటికి పోకుండా ఎంత ఆపుతోందో, కొలిచే మీటర్. మోటార్ టెర్మినల్ బాక్స్ తెరిచి, దాని ఒక వైరు కాయిల్‌కీ ఇంకో వైరు బాడీకీ తగిలించి, బటన్ నొక్కి, అంకె కనబడగానే వదిలేసి రిజిస్టర్‌లో "ఓకే" అని రాసేయడం చాలాచోట్ల జరిగేదే. పది సెకన్ల పని. కానీ ఎంత వోల్టేజీ పెట్టారు, ఎంతసేపు ఉంచారు, అప్పుడు వైండింగ్ (లోపలి కాయిల్స్) ఎంత వేడిగా ఉంది, పోయినసారి ఇదే మోటార్ మీద ఎంత వచ్చింది, ఈ నాలుగూ తెలియకుండా 200 మెగాఓమ్‌లు అంటే అది మంచి కబురో చెడ్డ కబురో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ టెస్టు ఎలా చేయాలో, వచ్చిన అంకెని ఎలా చదవాలో మొదటినుంచీ చెప్తాను.

ముందు హై వోల్టేజీ ఎందుకో చూద్దాం. చేతిలో ఉండే మల్టీమీటర్ ఓమ్స్ రేంజిలో కొద్ది వోల్టులు మాత్రమే పంపుతుంది. వార్నిష్ పగిలినచోటా, దుమ్మూ తేమా కలిసి పొరలా పట్టినచోటా ఆ కాస్త వోల్టేజీకి ఏమీ జరగదు, మీటర్ కూడా అంతా బాగుందనే చూపిస్తుంది. అదే మోటార్‌కి 415 వోల్టులు ఇచ్చేసరికి ఎర్త్ ఫాల్ట్ కొట్టి ట్రిప్ అవుతుంది. కాబట్టి ఇన్సులేషన్‌ని అది రోజూ మోసే వోల్టేజీకి దగ్గరగానో కాస్త ఎక్కువగానో వోల్టేజీ పెట్టి అడగాలి, అప్పుడే అది నిజం చెప్తుంది. ఏసీ కాకుండా డీసీ వాడటానికీ కారణం ఉంది. ఏ వైండింగ్ అయినా, కేబుల్ అయినా బాడీతో కలిసి ఒక కెపాసిటర్‌లాంటిదే. ఏసీ పెడితే ఆ కెపాసిటెన్స్ తీసుకునే కరెంటే ఎక్కువుండి అసలు లీకేజీ అందులో కలిసిపోతుంది. డీసీ అయితే కెపాసిటెన్స్ ఒక్కసారి నిండి ఊరుకుంటుంది, మిగిలిన చిన్న కరెంటు మనకి తేటగా కనబడుతుంది. ఎంత చిన్నదంటే, 500 వోల్టులు పెట్టినప్పుడు 100 మెగాఓమ్‌లు వచ్చాయంటే పారుతున్నది 5 మైక్రోఆంపియర్లే.

చేయి పెట్టే ముందు సేఫ్టీ. మెగ్గర్ నుంచి వచ్చే కరెంటు కొన్ని మిల్లీఆంపియర్లకి మించదు కదా అని ధైర్యపడేవాళ్ళని చూశాను. ప్రమాదం మీటర్‌లో కాదు, మీరు చార్జి చేసిన కేబుల్‌లోనో వైండింగ్‌లోనో ఉంది. 1 మైక్రోఫారడ్ ఉన్న కేబుల్‌ని 5000 వోల్టులకి చార్జి చేస్తే అందులో 12.5 జౌల్స్ నిలవ ఉంటాయి, ముట్టుకుంటే అది మొత్తం ఒక్కసారిగా మీ ఒంట్లోకి దిగుతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని ఐసొలేటర్ తీసి, తాళం వేసి, ట్యాగ్ కట్టండి. వోల్టేజీ లేదని టెస్టర్‌తో చూసుకోండి, ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో కూడా కరెంటు ఉన్నచోట ముందొకసారి, తర్వాతొకసారి చూసుకోండి. ఆ తర్వాత డిశ్చార్జ్ రాడ్‌తో ఎర్త్ చేసి ఉన్న చార్జిని దించేయండి. కేబుల్ అయితే అవతలి చివర కనబడదు, అక్కడ ఎవరో ఒకరిని తప్పకుండా నిలబెట్టండి లేదా తాడు కట్టి ఎవరూ రాకుండా చేయండి. "అటువైపు ఎవరూ ఉండరులే" అనుకోవద్దు. ఉంటారు.

తర్వాత టెస్టు చేసే వస్తువుని విడిగా తీయాలి. ఎలక్ట్రానిక్స్ ఉన్న ప్రతిదాన్నీ పక్కకి తప్పించాలి: మోటార్ వేగం మార్చే డ్రైవ్‌లు, సాఫ్ట్ స్టార్టర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు, కెపాసిటర్లు, ఎలక్ట్రానిక్ మీటర్లు. డ్రైవ్ అవుట్‌పుట్‌కి కేబుల్ తగిలి ఉండగానే 1000 వోల్టులు కొడితే డ్రైవ్ కాలిపోతుంది, ఆ ఖర్చు ముందు మోటార్ రివైండింగ్ ఖర్చు ఎందుకూ పనికిరాదు. మోటార్‌ని స్టార్టర్ దగ్గరనుంచి కేబుల్‌తో కలిపి చూడటం తొందర్లో ఉన్నప్పుడు ఫర్వాలేదు, విలువ బాగుంటే రెండూ బాగున్నట్టే. తక్కువ వస్తే మాత్రం మోటార్ దగ్గర లగ్గులు విప్పి రెండింటినీ వేరువేరుగా చూడక తప్పదు.

మీటర్‌ని కూడా ఊరికే నమ్మకండి. రెండు లీడ్లూ గాలిలో ఉంచి నొక్కితే అంతులేని విలువ చూపించాలి, రెండూ కలిపి నొక్కితే సున్నా చూపించాలి. ఒక లీడ్ లోపల తెగి ఉంటే ప్రతి మోటారూ అద్భుతంగా ఉన్నట్టే కనబడుతుంది కాబట్టి ఈ అర నిమిషం వృథా కాదు. చేత్తో తిప్పే పాత మెగ్గర్ అయితే హ్యాండిల్ లోపలి క్లచ్ జారే వేగానికి తెచ్చి, అదే వేగంతో నిమిషం పొడుగునా తిప్పాలి. వేగం తగ్గుతూ పెరుగుతూ ఉంటే ముల్లు ఊగుతుంది, ఆ ఊగడం ఇన్సులేషన్‌ది కాదు, మీ చేతిది.

వోల్టేజీ ఎంత పెట్టాలన్నది చాలామందికి టెన్షన్. తిరిగే మిషన్ల కోసం ఐఈఈఈ 43 ప్రమాణం ఇచ్చిన లెక్క ఇది: వైండింగ్ రేటింగ్ 1000 వోల్టుల లోపు అయితే 500 వోల్టుల డీసీ, 1000 నుంచి 2500 దాకా అయితే 500 నుంచి 1000, 2501 నుంచి 5000 దాకా అయితే 1000 నుంచి 2500, 5001 నుంచి 12000 దాకా అయితే 2500 నుంచి 5000, ఆపైన 5000 నుంచి 10000. బిల్డింగ్ వైరింగ్‌కి ఐఈసీ 60364 ప్రకారం మామూలు 230, 400 వోల్టుల సర్క్యూట్‌కి 500 వోల్టులు పెట్టి చూస్తే కనీసం 1 మెగాఓమ్ రావాలి. సర్జ్ ప్రొటెక్టర్లు విప్పడానికి వీలుకాకపోతే 250 వోల్టులతో చూడొచ్చు. ఈ 1 మెగాఓమ్ అన్నది అట్టడుగు హద్దు మాత్రమే. కొత్తగా వేసిన వైరింగ్ పొడిగా ఉంటే వందల మెగాఓమ్‌లు రావాలి, అక్కడ 2 వచ్చిందంటే ప్రమాణం ప్రకారం పాసే అయినా నేనైతే వెతుకుతాను. ఎక్కడో మేకు దిగి ఉంటుంది, లేదా జంక్షన్ బాక్స్‌లోకి నీళ్ళు చేరి ఉంటాయి.

వైరింగ్ చూసేటప్పుడు మెయిన్ ఆపి, బల్బులు తీసి, ప్లగ్గులన్నీ పీకి, స్విచ్చులు ఆన్‌లో పెట్టి, ఫేజూ న్యూట్రలూ కలిపి ఎర్త్‌కి చూడండి. స్విచ్ ఆఫ్‌లో ఉంటే దాని అవతలి వైరు టెస్టులోకి రానే రాదు. ఏ లోడూ తగిలి లేదని ఖాయం చేసుకున్నాకే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య చూడాలి. మోటార్‌లో ఆరు చివరలూ బయటికి వచ్చి ఉంటే లింకులు తీసేసి, ఒక్కో ఫేజ్‌నీ బాడీకి చూస్తూ మిగతా రెండు ఫేజులనీ బాడీకి కలిపి ఉంచండి, అప్పుడు ఫేజుల మధ్య ఇన్సులేషన్ కూడా అందులోనే తేలిపోతుంది. లోపలే స్టార్ కట్టి మూడు చివరలే వచ్చిన మోటార్‌లో ఫేజుల మధ్య చూడటం కుదరదు, మూడూ కలిపి బాడీకి చూడటమే. ట్రాన్స్‌ఫార్మర్ అయితే హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ వైపు) చివరలన్నీ ఒకటిగా, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ వైపు) చివరలన్నీ ఒకటిగా కలిపి, హెచ్‌టీకీ ఎల్‌టీకీ మధ్య, హెచ్‌టీకీ ట్యాంక్‌కీ మధ్య, ఎల్‌టీకీ ట్యాంక్‌కీ మధ్య చూస్తారు. ట్యాంక్ వాక్యూమ్‌లో ఉన్నప్పుడు మాత్రం మెగ్గర్ ముట్టుకోకండి. పీడనం తగ్గినప్పుడు గాలి చాలా తక్కువ వోల్టేజీకే ఫ్లాష్ అవుతుంది. సీల్ చేసిన ఏసీ కంప్రెసర్ వాక్యూమ్‌లో ఉన్నప్పుడూ ఇదే మాట.

ఇక అసలు విషయానికి వస్తాను. బటన్ నొక్కాక అంకె ఎందుకు పాకుతూ ఉంటుంది? పారే కరెంటులో మూడు రకాలు కలిసి ఉంటాయి. మొదటిది కెపాసిటెన్స్ నిండే కరెంటు, ఇది సాధారణంగా సెకన్లలో చచ్చిపోతుంది. రెండోది ఇన్సులేషన్ పదార్థంలోని అణువులు వోల్టేజీ దిశకి తిరుగుతూ పీల్చుకునే కరెంటు, దీన్ని అబ్సార్‌ప్షన్ అంటారు, ఇది మెల్లగా, నిమిషాల తరబడి తగ్గుతుంది. మూడోది అసలు లీకేజీ, ఇన్సులేషన్ లోపలినుంచీ దాని పైపై మురికి మీదనుంచీ పారేది, ఇది తగ్గదు, పెట్టిన వోల్టేజీకి తగ్గట్టు అలాగే ఉంటుంది. మంచి ఇన్సులేషన్‌లో మూడోది చాలా చిన్నది, రెండోదే కనబడుతుంది, అందుకే రీడింగ్ 30 సెకన్లకి ఒకటి, నిమిషానికి ఇంకా ఎక్కువ, పది నిమిషాలకి మరీ ఎక్కువగా ఎక్కుతూ పోతుంది. తడిసినదాంట్లో, మురికి పట్టినదాంట్లో లీకేజీ పెద్దదై రెండోదాన్ని మింగేస్తుంది, అంకె ఎక్కినట్టే ఎక్కి అక్కడే కూర్చుంటుంది. ఈ ఎక్కే తీరు చూడటమే ఈ టెస్టుకి ప్రాణం.

కాబట్టి రీడింగ్ ఎప్పుడూ సరిగ్గా 60 సెకన్లకి తీయండి, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. వీలున్నప్పుడల్లా, పెద్ద మోటార్ అయితే తప్పకుండా, ఆపకుండా 10 నిమిషాల దాకా ఉంచి అప్పుడు ఇంకో రీడింగ్ తీయండి. పది నిమిషాల విలువని ఒక నిమిషం విలువతో భాగిస్తే వచ్చేది పోలరైజేషన్ ఇండెక్స్, అందరూ పీఐ అనేది. ఒక మోటార్‌లో నిమిషానికి 200, పది నిమిషాలకి 640 వచ్చాయనుకోండి, పీఐ 3.2, నిశ్చింతగా ఉండొచ్చు. ఇంకోదాంట్లో నిమిషానికి అదే 200, పది నిమిషాలకి 210 వచ్చాయి, పీఐ 1.05. మొదటి అంకె రెండింటిలోనూ ఒక్కటే, కానీ రెండోది తడిసో మురికిపట్టో ఉందని దాదాపు ఖాయం. పది సెకన్లలో బటన్ వదిలేసినవాడికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ఐఈఈఈ 43 ప్రకారం క్లాస్ బి, ఎఫ్, హెచ్ ఇన్సులేషన్‌కి పీఐ కనీసం 2 ఉండాలి, క్లాస్ ఏ అయితే 1.5 (ఇన్సులేషన్ ఎంత వేడిని తట్టుకుంటుందో చెప్పే తరగతులివి). ఒక మినహాయింపు ఉంది: నిమిషానికే 5000 మెగాఓమ్‌లు దాటితే పీఐని పట్టించుకోనక్కర్లేదు, అంత చిన్న కరెంటులో ఆ నిష్పత్తికి అర్థం ఉండదు. పది నిమిషాలు ఆగే వీల్లేని చిన్న మోటార్లకి 60 సెకన్ల విలువని 30 సెకన్ల విలువతో భాగించి చూసుకుంటారు.

కనీసం ఎంత రావాలి అంటే, అదే ప్రమాణంలో 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిమిషం రీడింగ్ 1000 వోల్టుల లోపు వైండింగ్‌కి 5 మెగాఓమ్‌లు, సుమారు 1970 తర్వాత తయారైన ఫార్మ్ వౌండ్ (కాయిల్స్‌కి ముందే రూపమిచ్చి అమర్చిన) హెచ్‌టీ వైండింగ్‌కి 100 మెగాఓమ్‌లు. అందరి నోళ్ళలో నానే "కేవీ ప్లస్ వన్" సూత్రం, అంటే 6.6 కేవీ మోటార్‌కి 7.6 మెగాఓమ్‌లు చాలనడం, అంతకుముందు తయారైన పాత వైండింగుల కోసం. ఈ కాలపు 6.6 కేవీ మోటార్ 8 మెగాఓమ్‌లు చూపిస్తుంటే "పాస్" అని సప్లై ఇవ్వడం చాలా పెద్ద పొరపాటు.

ఆ 40 డిగ్రీలు అన్న మాట ఊరికే రాలేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ విలువ సుమారుగా సగానికి పడుతుంది, 10 తగ్గితే రెట్టింపవుతుంది. వైండింగ్ 25 డిగ్రీల దగ్గర 60 మెగాఓమ్‌లు చూపిస్తే 40కి మార్చినప్పుడు అది దాదాపు 21 మాత్రమే. అదే 60 మెగాఓమ్‌లు, అప్పుడే ఆగిన మోటార్‌లో 70 డిగ్రీల దగ్గర వస్తే 40 దగ్గర 480 అన్నమాట. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, ఇన్సులేషన్ రకాన్ని బట్టి కాస్త మారతాయి, కానీ వేడిగా ఉన్నప్పటి రీడింగ్‌ని చల్లగా ఉన్నప్పటి రీడింగ్‌తో నేరుగా పోల్చి కంగారు పడకుండా కాపాడతాయి. ట్రాన్స్‌ఫార్మర్లకి సాధారణంగా 20 డిగ్రీలకి మారుస్తారు. పీఐలో రెండు రీడింగులూ ఒకే వేడిలో తీసినవి కాబట్టి దానికి ఈ సవరణ అవసరం పెద్దగా రాదు, నాకు పీఐ మీద నమ్మకం ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం.

పని నేర్చుకునే రోజుల్లో స్టోర్‌లో చాలాకాలం పడున్న ఒక మోటార్‌కి మెగ్గర్ పెడితే 2 మెగాఓమ్‌లు వచ్చింది. రివైండింగ్‌కి పంపాలని నేనే కాగితం రాసి ఇచ్చాను. మా సీనియర్ ఆ కాగితం పక్కన పెట్టి, టెర్మినల్ బోర్డు ఒకసారి తుడిచి చూడమన్నారు. పొడిగుడ్డతో తుడిచి, కాస్త వేడిగాలి తగిలించి చూస్తే 300 దాటింది. లోపల వైండింగ్‌కి ఏ జబ్బూ లేదు, బోర్డు మీద పట్టిన తేమ, దుమ్ము పొర మీదనుంచే కరెంటంతా పోతోంది. అప్పటినుంచీ తక్కువ విలువ వస్తే నేను మొదట వెతికేది వైండింగ్‌లో కాదు, బోర్డు మీదా, బుషింగ్‌ల మీదా, కేబుల్ చివరల మీదా.

పైపై లీకేజీని తుడవకుండానే పక్కకి తప్పించే దారి కూడా మీటర్‌లోనే ఉంది, అదే గార్డ్ టెర్మినల్. చాలా మెగ్గర్లలో జి అని రాసి ఉంటుంది, చాలామంది దాన్ని ఒక్కసారైనా వాడి ఉండరు. కేబుల్ చివర లైన్ లీడ్ కండక్టర్‌కీ, ఎర్త్ లీడ్ షీత్‌కో ఆర్మర్‌కో పెట్టి, మధ్యలో కోర్ ఇన్సులేషన్ మీద ఒక బోసి రాగి తీగ రెండు మూడు చుట్లు బిగుతుగా చుట్టి దాన్ని గార్డ్‌కి కలపండి. ఇన్సులేషన్ పైనుంచి జారే కరెంటు ఆ తీగ దగ్గరే పక్కదారి పట్టి కొలతలోకి రాకుండా పోతుంది, లోపలినుంచి పారేదే మీటర్ కొలుస్తుంది. గార్డ్ లేకుండా 40, గార్డ్ పెట్టాక 900 వచ్చిందంటే తుడిస్తే సరిపోయే జబ్బు. రెండుసార్లూ 40 అంటే లోపలే ఉంది. కేబుల్ సంగతిలో పొడవు కూడా మర్చిపోవద్దు: 100 మీటర్ల ముక్క 1000 మెగాఓమ్‌లు చూపిస్తే, అదే కేబుల్ కిలోమీటర్ పొడవుంటే 100 చూపించడం మామూలే.

నిజంగానే తడిసిందని తేలితే ఆరబెట్టాలి, ఇక్కడ చాలామంది మధ్యలో భయపడి ఆపేస్తారు. వేడి పెట్టడం మొదలుపెట్టగానే విలువ పెరగదు, పడిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగినందుకు కొంత, లోపలి తేమ కదిలినందుకు కొంత. 5 ఉన్నది 1కి దిగి అక్కడే గంటలకొద్దీ ఉండొచ్చు. ఆపకండి. వైండింగ్‌ని 80, 90 డిగ్రీల మధ్య నిలిపి, గంటకోసారి ఒకే వోల్టేజీతో నిమిషం రీడింగ్ తీసి కాగితం మీద గీత గీస్తూ పోండి, తేమ బయటికి పోయేకొద్దీ ఆ గీత మళ్ళీ పైకి లేస్తుంది. లేచి, వేడి మారకుండా ఉండగానే కొన్ని గంటలపాటు ఒకచోట స్థిరపడితే ఆరినట్టు. వేడిగాలి బయటికి పోవడానికి దారి ఉంచాలి, లేకపోతే బయటికొచ్చిన తేమ చల్లారాక మళ్ళీ అక్కడే దిగుతుంది. మొదటి గంటల్లో మరీ తొందరగా వేడి ఎక్కించకండి, లోపల ఆవిరి పుట్టి ఇన్సులేషన్‌ని చీల్చేస్తుంది.

పీఐ బాగుండి కూడా అనుమానం మిగిలితే స్టెప్ వోల్టేజ్ టెస్టు ఉంది. 3.3 కేవీ మోటార్ అయితే 500, 1000, 1500, 2000, 2500 వోల్టులు ఒక్కో నిమిషం చొప్పున మెట్లు మెట్లుగా పెట్టి ప్రతి మెట్టు దగ్గరా రీడింగ్ రాసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న వైండింగ్ అన్ని మెట్ల మీదా దాదాపు ఒకే విలువ చూపిస్తుంది. వోల్టేజీ పెరిగేకొద్దీ విలువ పావువంతు, అంతకుమించీ పడిపోతుంటే పగుళ్ళో, ముదిరిపోయిన ఇన్సులేషనో ఉందని అర్థం.

ఇవన్నీ పాడుచేయకుండా చూసే టెస్టులు. హైపాట్ అలా కాదు, అది మామూలుకన్నా చాలా ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో తేల్చే పరీక్ష, బలహీనంగా ఉన్నదాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. ఐఈసీ 60034 ప్రకారం మామూలు పారిశ్రామిక మోటార్లకి ఫ్యాక్టరీలో రేటెడ్ వోల్టేజీకి రెట్టింపు, దానికి 1000 కలిపి ఒక నిమిషం పెడతారు, 415 వోల్టుల మోటార్‌కి అది 1830 వోల్టుల ఏసీ. ఇదే టెస్టు మళ్ళీ చేయాల్సి వస్తే అందులో 80 శాతమే, అంటే 1464. ముందు మెగ్గర్ పెట్టకుండా హైపాట్ పెట్టకండి, తడి మోటార్‌కి అసలే పెట్టకండి. పాత మిషన్‌కి పెట్టేముందు పోతే మార్చడానికి స్పేర్ ఉందో లేదో అడగండి. వయసైన ఎక్స్‌ఎల్‌పీఈ (ఒకరకం పాలిథిన్ ఇన్సులేషన్) కేబుళ్ళకి డీసీ హైపాట్ పెట్టడం ఇప్పుడు తప్పించుకుంటున్నారు, ఇన్సులేషన్‌లో చార్జి ఇరుక్కుపోయి, తర్వాత ఏసీ ఇచ్చినప్పుడు కేబుల్ పేలే ప్రమాదం ఉంది కాబట్టి. వాటికి 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ సెట్, అంటే చాలా నెమ్మదిగా మారే ఏసీ ఇచ్చేది, వాడతారు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి, మెగ్గర్ బాడీకీ వైండింగ్‌కీ మధ్య ఇన్సులేషన్‌ని చూస్తుంది, ఒకే కాయిల్‌లో చుట్టుకీ చుట్టుకీ మధ్య షార్ట్‌ని చూడలేదు. 500 మెగాఓమ్‌లు చూపించే మోటార్ వేడెక్కి పొగ పెట్టడం ఇందువల్లే. మూడు ఫేజుల వైండింగ్ రెసిస్టెన్స్ పోల్చి చూడండి, తేల్చుకోవాలంటే కాయిల్‌లోకి క్షణికమైన వోల్టేజీ పోటు పంపి చూసే సర్జ్ టెస్టర్ కావాలి.

టెస్టు అయ్యాక లీడ్లు వెంటనే పీకకండి. ముందు మీటర్‌లోని డిశ్చార్జ్ సర్క్యూట్‌ని పని చేయనివ్వండి, తర్వాత ఎర్త్ తగిలించి, టెస్టు ఎంతసేపు చేశారో కనీసం దానికి నాలుగు రెట్లు అలాగే ఉంచండి. పది నిమిషాల పీఐ చేశారంటే నలభై నిమిషాలు. ఒకసారి ఎర్త్ తగిలించి తీసేస్తే చాలదు, అబ్సార్‌ప్షన్‌లో పీల్చుకున్న చార్జి మెల్లగా బయటికి వచ్చి కాసేపటికి మళ్ళీ వోల్టేజీగా లేస్తుంది. ఎర్త్ ఉండగానే రిజిస్టర్ రాసేయండి: తేదీ, టెస్టు వోల్టేజీ, నిమిషం, పది నిమిషాల రీడింగులు, వైండింగ్ ఉష్ణోగ్రత, తేమ, ఏ మీటర్ వాడారు, కేబుల్‌తో కలిపి చూశారా విడిగానా. రెండేళ్ళ కింద 1200, పోయినేడు 700, ఇప్పుడు 250 అని ఒకే పేజీలో కనబడితే, 250 బాగానే ఉంది కదా అని ఎవరూ పేజీ తిప్పేయరు. ఆ తర్వాత లింకులు బిగించి, తాత్కాలిక ఎర్త్ విప్పి, అది విప్పారని రెండోసారి కళ్ళారా చూసుకున్నాకే తాళం తీయండి.